మా రెజ్యూమేల్లో ఏళ్ళు పెంచకండి: అమెరికాలోని తెలుగు కన్సల్టెన్సీ యజమానులకు బహిరంగ లేఖ

అమెరికాలో ఐటీ కన్సల్టెన్సీలు, అంటే ఇతర కంపెనీలకు కాంట్రాక్టు మీద మనుషుల్ని పంపే సంస్థలు, నడుపుతున్న తెలుగు అన్నలకు, అక్కలకు,

నమస్కారం.

నేను మీలో ఒకరి దగ్గర పనిచేసినదాన్నే. 2014 వేసవిలో ఎం.ఎస్. అయిపోయాక, ఓపీటీ కార్డు (చదువయ్యాక కొంతకాలం అమెరికాలో పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతి) పట్టుకుని రెండు సూట్‌కేసులతో న్యూజెర్సీలో కన్సల్టెన్సీ వాళ్ళ గెస్ట్ హౌస్‌లో దిగాను. ఇప్పుడు డాలస్ పక్కన ఒక కంపెనీలో డేటా టీమ్ చూస్తున్నాను. మా టీమ్‌లోకి కాంట్రాక్టర్లు కావాలంటే ఇంటర్వ్యూ చేసేది నేనే. ఒకప్పుడు మీరు మార్కెటింగ్ చేసిన రెజ్యూమే నాది. ఇప్పుడు మీరు పంపే రెజ్యూమేలు చదువుతున్నది నేను. రెండు వైపులా కూర్చున్నదాన్ని కాబట్టి, చాలా ఏళ్ళుగా మనసులో పెట్టుకున్నవి ఈరోజు మీతో చెప్పాలనుకుంటున్నాను. కోపంతో రాస్తున్నది కాదు. బాధతో రాస్తున్నది.

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఇంటర్వ్యూ. రెజ్యూమే ప్రకారం ఆ అమ్మాయికి తొమ్మిదేళ్ళ అనుభవం. వీడియోలో చూస్తే పాతికేళ్ళు కూడా ఉన్నట్టు లేవు. అదొక్కటే అయితే పట్టించుకునేదాన్ని కాదు, మొహం చూసి వయసు లెక్కపెట్టడం తప్పు. ప్రశ్న అడిగాను. జవాబు గడగడా వచ్చింది, మంచి జవాబే. కానీ మాట ముందు వినిపిస్తోంది, పెదవులు తర్వాత కదులుతున్నాయి. నెట్ స్లోగా ఉందేమో అనుకున్నాను. స్క్రీన్ షేర్ చేసి, డేటాబేస్‌లోంచి సమాచారం తీసే చిన్న క్వెరీ ఒకటి రాయమన్నాను. ఆ అమ్మాయి చేతులు టేబుల్ మీద కదలకుండా ఉన్నాయి, గొంతు మాత్రం క్వెరీ ఎలా రాయాలో చెబుతూనే ఉంది. అంతలో పక్కనుంచి తెలుగులో లోగొంతుకతో ఒక మాట: "మ్యూట్ చెయ్, మ్యూట్ చెయ్."

ఆ అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనక గోడకి గాలి పరుపు ఒకటి నిలబెట్టి ఉంది, దాని పక్కన సగం ఖాళీ అయిన బియ్యం బస్తా. ఆ గది నాకు తెలుసు. ఆ గదే కాకపోయినా అలాంటి గదిలో నేను ఐదు నెలలు పడుకున్నాను. మా మేనేజర్ అమెరికన్, కాల్‌లోనే ఉన్నాడు. నాకు చాట్‌లో ఒక్క ముక్క పంపాడు: "మళ్ళీ ఇంకొకరు." ఆ అమ్మాయి కాల్ కట్ చేసింది. నేను తెలుగులో ఒక్క మాట, ఏడవకమ్మా అనైనా, అనలేకపోయాను.

అంతకంటే ఎక్కువ బాధ వేసింది మర్నాటి ఇంటర్వ్యూలో. వచ్చినాయన కూడా తెలుగాయనే, నాకంటే ఓ ఐదారేళ్ళు పెద్ద. పదకొండేళ్ళ అనుభవం, నిజమైనది. రెండో ప్రశ్నకే అర్థమైపోతుంది కదా, చేతులతో పని చేసినవాళ్ళు ఎలా మాట్లాడతారో. ఏ ప్రాజెక్టులో ఏది చెడిందో, రాత్రి రెండింటికి లేచి ఎలా సరిచేశారో చెబుతున్నాడు. మధ్యలో మా మేనేజర్ ఆపాడు. హెడ్‌సెట్ తీసేయమన్నాడు. కెమెరా గదంతా తిప్పి చూపించమన్నాడు. తర్వాత, "రెండు చేతులూ కనిపించేలా పైకి పెట్టండి" అన్నాడు. ఆయన పెట్టాడు. వెనక సోఫా మీద పిల్లల స్కూల్ బ్యాగు ఉంది. రెండు చేతులూ పైకెత్తి, ఒక నిమిషం పాటు అలాగే ఉండి నా ప్రశ్నకి జవాబు చెప్పాడు. నేను తల దించుకున్నాను.

ఆయన సెలెక్ట్ అయ్యాడు. కానీ ఆ చేతులు నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. మంగళవారం మీలో ఒకరు చేసిన పనికి బుధవారం ఆయన చేతులెత్తాల్సి వచ్చింది. నేను చెప్పదలుచుకున్నది ఇంతే, మిగతా లేఖంతా దీని వివరమే.

ముందు నా సంగతి చెప్పాలి. చెప్పకుండా మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు.

నాది తెనాలి దగ్గర ఊరు. నాన్న స్కూల్ టీచర్. నా చదువు కోసం బ్యాంకులో లోన్ తీసుకున్నాడు, ఇల్లు తాకట్టు పెట్టి. గెస్ట్ హౌస్‌లో మేము ఎనిమిది మంది అమ్మాయిలం, రెండు బెడ్‌రూములు. ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటితే అమెరికాలో ఉండే స్టేటస్ పోతుంది. గోడ మీద క్యాలెండర్‌లో ఒక్కో అమ్మాయి ఒక్కో రంగు పెన్నుతో రోజులు కొట్టేసుకునేది. నాది ఆకుపచ్చ. 40 రోజులు దాటాక ఆఫీసుకి పిలిచి, "నువ్వు టెన్షన్ పడకు, ఆఫర్ లెటర్ ఇచ్చి లెక్క ఆపేస్తాం, నీ రెజ్యూమే మేం చూసుకుంటాం" అన్నారు. ఆ మాట విని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. అబద్ధం చెప్పను.

రెజ్యూమే వచ్చింది. ఏడేళ్ళ అనుభవం. 2007 మే నెలలో హైదరాబాద్‌లో ఒక బీమా కంపెనీ ప్రాజెక్టులో చేరినట్టు ఉంది. 2007 మేలో నేను ఎంసెట్ రాశాను. ఇంకో సంగతి, రెజ్యూమేలో నా ఎం.ఎస్. లేదు. అడిగితే, "2014లో డిగ్రీ అంటే ఫ్రెషర్ అని దొరికిపోతావు, అందుకే తీసేశాం" అన్నారు. నాన్న ఇల్లు తాకట్టు పెట్టి చదివించిన చదువు అది. రెజ్యూమేలోంచి దాన్ని తీసేసి, చెయ్యని ఉద్యోగాలు మూడు పెట్టారు. నేను నోరు మెదపలేదు. ఇంటర్వ్యూ నా బదులు వేరేవాళ్ళు మాట్లాడారు, నేను పెదవులు కదిపాను. ఒహాయోలో ఒక బీమా కంపెనీలో ప్రాజెక్టు వచ్చింది.

పని చేసింది కూడా నేను కాదు. జాబ్ సపోర్ట్ ఇచ్చినాయన చేశాడు. ఆయన హైదరాబాద్‌లో అమీర్‌పేట దగ్గర ఉండేవాడు. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఇక్కడ పొద్దున తొమ్మిదైతే అక్కడ సాయంత్రం ఆరున్నర. పగలంతా తన ఉద్యోగం చేసుకుని వచ్చి, అర్ధరాత్రి ఒంటిగంట, రెండు దాకా నా లాప్‌టాప్ తెర మీద నా పని చేసేవాడు. నేను బాత్రూంకి వెళ్తున్నట్టు వెళ్ళి ఫోన్‌లో ఆయన్ని అడిగి వచ్చేదాన్ని. ఎంత పనిమంతుడో! ఒక్కరోజు కూడా విసుక్కోలేదు, "అమ్మా, ఇది ఎందుకిలా రాశానో అర్థమైందా, రేపు నిన్ను అడుగుతారు" అని ఆగి చెప్పేవాడు. నాకు ఈ వృత్తిలో మొదటి గురువు ఆయనే. నెలకు 25,000 రూపాయలు నా జీతంలోంచి పంపేదాన్ని. క్లయింట్ గంటకు 68 డాలర్లు కడుతున్నాడని చాలా తర్వాత, పొరపాటున నాకు ఫార్వర్డ్ అయిన ఒక కాగితంలో చూశాను. క్లయింట్‌కి నేరుగా మనుషుల్ని ఇచ్చే ప్రైమ్ వెండర్, వాళ్ళ కింద ఇంకో వెండర్, వాళ్ళ కింద మా కన్సల్టెన్సీ. అందరూ తీసుకోగా నాకు ముట్టింది 31. ఇందరు పంచుకున్న పనిని చేసిన మనిషి పేరు ఏ కాగితంలోనూ లేదు.

ఆ మనిషికి వీసా లేదు. అంత పని వచ్చిన మనిషిని ఆ కంపెనీయే నేరుగా, హైదరాబాద్ నుంచే, ఆయన పేరుతోనే ఫ్రీలాన్సర్‌గా పెట్టుకుని ఉంటే వాళ్ళకి 68 అయ్యేది కాదు, ఆయనకి 25,000 దగ్గర ఆగేది కాదు. ఇంకా భయంకరమైంది వేరే ఉంది. ఆ తెర మీద బీమా కంపెనీ కస్టమర్ల పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామాలు ఉండేవి. వాళ్ళకి తెలియని మనిషికి వాటిని రోజూ చూపించాను. ఆయన మంచివాడు కాబట్టి ఏమీ కాలేదు. ఆ రోజుల్లో నాకు ఇది తట్టను కూడా తట్టలేదు. ఇప్పుడు మా టీమ్‌లో ఎవరైనా ఇలా చేస్తున్నారని తెలిస్తే ఆ రోజే పంపించేస్తాను. అప్పుడు నేను చేసింది తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

ఐదో నెలలో కాంట్రాక్ట్ ఆపేశారు. ఎందుకో చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. ఆ తర్వాత నా నిజం ఏళ్ళతోనే రెజ్యూమే పంపమని పట్టుబట్టాను. "ఆ రెజ్యూమేకి కాల్స్ రావు" అన్నారు. రెండు నెలలు రాలేదు కూడా. తర్వాత ఒక చిన్న కంపెనీ నుంచి టెస్టింగ్ పని వచ్చింది, తక్కువ రేటుకి. ఆ పనిలో చేరిన రోజు రాత్రి జాబ్ సపోర్ట్‌కి ఫోన్ చేయాల్సిన అవసరం లేకపోవడం ఎంత సుఖమో మాటల్లో చెప్పలేను.

2015లో హెచ్-1బీ (నిపుణులైన విదేశీ ఉద్యోగులకు ఇచ్చే అమెరికా వర్క్ వీసా) లాటరీలో పేరు వచ్చింది. 2016లో ఆ ప్రాజెక్టు అయిపోయి, పని లేక బెంచ్ మీదకి వచ్చాను. నాలుగు నెలలు. జీతం ఆగింది. "ట్రాన్స్‌ఫర్ కావాలన్నా, ఎక్స్‌టెన్షన్ కావాలన్నా పే స్టబ్స్ ఉండాలి కదా, నువ్వే రన్ చేసుకో" అన్నారు. మీకు ఈ మాట వివరించక్కర్లేదు, చదివేవాళ్ళ కోసం చెబుతాను. పే స్టబ్ అంటే జీతం చీటీ. నెలకు 5,400 డాలర్లు నేనే కంపెనీకి పంపేదాన్ని. పన్నులు పోగా 3,900 దాకా నా జీతం పేరుతో నాకే తిరిగి వచ్చేది. జీతం లేని నెలలో నా జీతానికి, కంపెనీ కట్టాల్సిన పన్నుకి కూడా నేనే డబ్బు కట్టాను. అప్పు చేసి. నాన్నకి ఫోన్‌లో అంతా బాగుంది అని చెబుతూ.

ఇది చట్టానికి విరుద్ధమని నాకు తెలిసింది ఉద్యోగం మారాక. హెచ్-1బీ మీద ఉన్న మనిషి పని లేక ఖాళీగా ఉంటే, ఆ ఖాళీ కంపెనీ వల్ల వచ్చింది కాబట్టి, ఎల్‌సీఏలో (హెచ్-1బీ కోసం కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి పెట్టే దరఖాస్తు) రాసిన జీతం ఇవ్వాల్సిందే. 1998లో అమెరికన్ కాంగ్రెస్ చేసిన చట్టంలో ఈ మాట స్పష్టంగా ఉంది. ఎల్‌సీఏ కాపీని ఉద్యోగి పనిలో చేరే రోజుకల్లా చేతికివ్వాలి. పిటిషన్ ఫీజు, లాయర్ ఫీజు ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. జీతం ఎగ్గొడితే లేబర్ డిపార్ట్‌మెంట్ వేజ్ అండ్ అవర్ డివిజన్‌కి 12 నెలల్లోపు ఫిర్యాదు చేసుకోవచ్చు, ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం కూడా చట్టవిరుద్ధమే. నాకు ఎల్‌సీఏ కాపీ ఎవరూ ఇవ్వలేదు. నేను అడగనూ లేదు. గెస్ట్ హౌస్‌లో మా ఎనిమిది మందిలో ఒక్కరికి కూడా ఆ మాట అర్థం తెలియదు. ఇది చదువుతున్న పిల్లలెవరైనా ఇప్పుడు బెంచ్ మీద ఉంటే, దయచేసి మీ ఎల్‌సీఏ కాపీ అడిగి తీసుకోండి. అది మీ కాగితం.

ఇంక లాటరీ. దీన్ని గురించి మీలో కొందరు మాట్లాడటానికి ఇష్టపడరు, కానీ అంకెలు ప్రభుత్వమే అందరి ముందూ పెట్టింది. ఏటా ఉన్నవి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20,000. 2020 నుంచి ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ వచ్చింది, అప్పట్లో ఒక్కోదానికి 10 డాలర్లే. 2023 మార్చిలో వచ్చిన రిజిస్ట్రేషన్లు 7,80,884. అందులో 4,08,891 ఒకే మనిషి పేరుతో రెండు, మూడు, ఇంకా ఎక్కువ కంపెనీలు వేసినవి. మరుసటి ఏడాది మనిషికి ఒకే ఛాన్స్ అనే పద్ధతి పెట్టారు, పాస్‌పోర్ట్ నంబర్ ఆధారంగా. మనుషుల సంఖ్య రెండేళ్ళలోనూ దాదాపు ఒకటే, నాలుగు లక్షల నలభై వేల చిల్లర. కానీ ఇలాంటి డబుల్ రిజిస్ట్రేషన్లు 47,314కి పడిపోయాయి. ఫీజు అప్పటికి పది డాలర్లే, అది 215 అయింది ఆ తర్వాతి ఏడాది. అంటే డబ్బుకి భయపడి తగ్గినవి కావు. లాభం లేదని తెలిసి ఆగినవి.

అందరూ అక్రమంగా చేశారని నేను అనను. నిజంగానే రెండు కంపెనీలు ఒకే మనిషిని కోరుకోవచ్చు. కానీ ఆ ఏడాది మా పిన్ని కొడుకు ఒకే ఒక్క రిజిస్ట్రేషన్‌తో, తన కంపెనీ నిజాయితీగా వేసినదానితో, మూడోసారి కూడా రాక కెనడా వెళ్ళిపోయాడు. వాడి రూమ్మేట్ పేరు మీద ఐదు కంపెనీలు వేశాయి, ఐదింటి యజమానులూ ఒకరికొకరు చుట్టాలేనని ఆ పిల్లాడే చెప్పాడు. ఆ రూమ్మేట్ మీద నాకు కోపం లేదు. వాడి భయం వాడిది. ఆ ఐదు దరఖాస్తులు వేసిన పెద్దవాళ్ళతో మాట్లాడాలని ఉంది.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం. కొత్త హెచ్-1బీ పిటిషన్‌కి లక్ష డాలర్లు కట్టాలని అధ్యక్షుడు ట్రంప్ సంతకం పెట్టారు. ఆ ప్రకటనలోనే ఐటీ అవుట్‌సోర్సింగ్ కంపెనీలు ఈ వీసాని దుర్వినియోగం చేస్తున్నాయని కారణం రాశారు. ఆ వారాంతంలో ఎన్ని తెలుగు ఇళ్ళల్లో అన్నం వండుకోలేదో. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి ఇది వర్తించదని మర్నాడు చెప్పారు, కానీ ఆ ఒక్క రాత్రిలోనే పెళ్ళిళ్ళకి, అంత్యక్రియలకి ఇండియా వెళ్ళినవాళ్ళు దొరికిన టికెట్ కొనుక్కుని పరిగెత్తుకొచ్చారు. ఆ నిర్ణయం న్యాయమని నేను అనుకోవడం లేదు. అందరినీ ఒకే గాటన కట్టి, ఎవరో చేసినదానికి అందరి దగ్గరా వసూలు చేయడం అది. మనల్ని చూస్తే గిట్టనివాళ్ళకి సాకులు ఎప్పుడూ దొరుకుతాయి. కానీ ఈ సాకు మాత్రం మనమే చేతికిచ్చాం.

"ఇవన్నీ బయట పెడితే మనల్ని తిట్టేవాళ్ళకి ఇంకో ఆయుధం ఇచ్చినట్టు కదా" అని మీలో ఒక పెద్దాయన నాతో అన్నారు, ఈ లేఖ రాస్తున్నానని చెప్పినప్పుడు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, అందుకే ఆ మాట చాలా రోజులు ఆలోచించాను. తిట్టేవాళ్ళకి ఇవన్నీ ముందే తెలుసు, అన్నా. తెలియనిది మన పిల్లలకి. చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి, వీసా వస్తే 108 చేస్తానని మొక్కుకుని విమానం ఎక్కే పిల్లకి, ఇక్కడ దిగాక తన డిగ్రీని రెజ్యూమేలోంచి తీసేస్తారని ఎవరూ చెప్పరు. అందుకే తెలుగులో రాస్తున్నాను.

మీ కష్టాలు నాకు తెలియవని కాదు. మీలో చాలామంది అదే గాలి పరుపుల మీద నుంచి లేచి వచ్చినవాళ్ళే. క్లయింట్ డబ్బులు 60 రోజులకి, ఒక్కోసారి 90 రోజులకి గానీ రావు, మీరు మాత్రం రెండు వారాలకోసారి జీతాలు వేయాలి. మధ్యలో వెండర్ ఎగ్గొట్టిపోతే మీ ఇల్లు అమ్ముకోవాలి. నిజం ఏళ్ళతో రెజ్యూమే పంపే కన్సల్టెన్సీకి కాల్స్ రావు, పక్కవాడు తొమ్మిదేళ్ళు పెట్టి పంపితే వాడికి వస్తాయి. నిజాయితీగా ఉండి మూసేసిన వాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. క్లయింట్లది కూడా తప్పుంది. రెండేళ్ళ అనుభవంతో అయిపోయే పనికి ఎనిమిదేళ్ళు కావాలని రాసేది వాళ్ళే. మా కంపెనీ కూడా అలాగే రాసేది. నేను గొడవపడి మార్పించాను. పోయిన ఏడాది రెండేళ్ళ అనుభవం ఉన్న ఇద్దరిని తీసుకున్నాం, రేటు తక్కువ, ఇద్దరూ బాగా చేస్తున్నారు. ఒకర్ని పంపింది తెలుగు కన్సల్టెన్సీనే. ఆయన ఫోన్ చేసి, "మేడమ్, ఈ అబ్బాయికి రెండేళ్ళే, కానీ కుదురుగా నేర్చుకుంటాడు" అన్నారు. ఆ ఒక్క ఫోన్ వల్ల ఇప్పుడు మా దగ్గర కొత్త పని ఏది వచ్చినా ముందు ఆయన్నే అడుగుతున్నాను.

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. రెజ్యూమేలో ఏళ్ళు పెంచకండి. ఎం.ఎస్. తీసేయకండి. ఇంటర్వ్యూలో ఆ పిల్లనే మాట్లాడనివ్వండి, తడబడితే తడబడనివ్వండి. బెంచ్ జీతం ఇవ్వలేకపోతే, ఇవ్వగలిగినంత మందినే తీసుకోండి. ప్రాజెక్టు కోసం చూస్తున్నవాళ్ళ హాట్‌లిస్ట్‌లో 60 పేర్లు పెట్టుకుని 20 మందికి జీతం ఇవ్వడం వ్యాపారం కాదు. క్లయింట్ ఎంత కడుతున్నాడో, మీరు ఎంత ఉంచుకుంటున్నారో ఉద్యోగికి చెప్పండి. మీరు ఉంచుకోవడం తప్పు కాదు, మీరు రిస్క్ తీసుకుంటున్నారు. దాచిపెట్టడమే అనుమానం పెంచుతుంది. మధ్యలో మానేస్తే ఇరవై వేల డాలర్లు కట్టాలని కాంట్రాక్టులో రాయించుకుని, దాన్ని చూపించి భయపెట్టకండి. ఇలాంటి శిక్షా రుసుములను హెచ్-1బీ చట్టం ఒప్పుకోదని మీ లాయర్‌కి తెలుసు.

హైదరాబాద్‌లో, విజయవాడలో రాత్రులు మేలుకుని మన పేర్ల మీద పనిచేస్తున్న ఆ ఫ్రీలాన్సర్ల సంగతి కూడా ఆలోచించండి. వాళ్ళ పనితనం మీ దగ్గర ఉన్న అసలైన సరుకు. క్లయింట్‌కి చెప్పి, అనుమతి తీసుకుని, వాళ్ళ పేరుతో, వాళ్ళ రేటుతో కాంట్రాక్ట్ చేయించండి. వద్దనే క్లయింట్లు ఉంటారు, డేటా బయటికి వెళ్ళకూడదనే పనులు ఉంటాయి. కానీ ఒప్పుకునేవాళ్ళు కూడా ఉన్నారు, మేమే ఇప్పుడు పుణెలో ఒకరితో, పోలండ్‌లో ఒకరితో అలా చేయించుకుంటున్నాం. తెనాలిలో కూర్చున్న మనిషితో ఎందుకు చేయించుకోం? నాకు పని నేర్పినాయన నంబర్ ఇప్పుడు పనిచేయడం లేదు. ఎక్కడున్నాడో తెలిస్తే ముందు ఆయనకే ఆఫర్ పంపుతాను.

తెలుగు సంఘాల పెద్దలకు కూడా ఒక మాట. మీ మహాసభల్లో వేదిక మీద పెద్ద బ్యానర్లు ఎవరివో అందరికీ తెలుసు. విరాళాలు తీసుకోవద్దని నేను అనను, ఆ డబ్బుతోనే కదా కష్టంలో ఉన్న పిల్లలకి సాయం అందుతోంది. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ గొడవ జరిగినప్పుడు, అది ప్రభుత్వమే పెట్టిన నకిలీ యూనివర్సిటీ అని తెలియక చేరిన మన పిల్లలు జైళ్ళల్లో ఉంటే లాయర్లని పెట్టింది తెలుగు సంఘాలే. ఆ మేలు ఎవరూ మరచిపోలేదు. కానీ ఆ పిల్లల్ని అక్కడ చేర్పించి కమీషన్ తీసుకున్నందుకు అరెస్టయిన ఎనిమిది మందీ మనవాళ్ళే. పిల్లలు పట్టుబడ్డాక లాయర్‌ని పెట్టడంతో పాటు, మూడు రోజుల మహాసభలో ఒక గంట ఎల్‌సీఏ అంటే ఏమిటో, బెంచ్ జీతం ఎవరివ్వాలో చెప్పే సభ పెట్టండి. సంగీత విభావరికి ముందే పెట్టండి, జనం ఉంటారు.

ఇంక ఆపుతాను. రేపు గురువారం నాకు మళ్ళీ మూడు ఇంటర్వ్యూలు ఉన్నాయి. పొద్దున తొమ్మిదిన్నరకు మొదటిది. రెజ్యూమేలు నా ముందే ఉన్నాయి. మూడింటిలోనూ ఎనిమిదేళ్ళ పైనే అని ఉంది. రెండు తెలుగు కన్సల్టెన్సీల నుంచి వచ్చినవి. ఒకదాంట్లో చదువు కింద బీటెక్ ఒక్కటే ఉంది, పూర్తయిన ఏడాది లేదు. ఆ రెజ్యూమే పంపింది మీలో ఎవరో నాకు తెలుసు, పేరు రాయను. ఈ రాత్రికి ఆ పిల్లకి ఒకసారి ఫోన్ చేయండి. నిజంగా ఎన్నేళ్ళో అడిగి, సరిచేసిన రెజ్యూమే పొద్దున ఎనిమిదిలోపు పంపండి. రెండేళ్ళే అయినా, ఏమీ లేకపోయినా సరే, నేను ఇంటర్వ్యూ రద్దు చేయను. పక్కన ఎవరూ లేకుండా, తన గొంతుతో వస్తే, తొమ్మిదిన్నరకి నేను ఎదురుచూస్తూ ఉంటాను.

ఇట్లు,
2014లో మీ గెస్ట్ హౌస్‌లో, కిటికీ పక్క గదిలో ఐదు నెలలు ఉన్న తెనాలి అమ్మాయి